తవ్వేవాళ్లకు సైనికులన్న పేరు ఎప్పుడొచ్చింది? - 'బినీత్ హిల్ 60' సినిమా, వలస సైన్యంలో దళితులు

యుద్ధ సినిమా అంటే గుర్రాలు, ట్యాంకులు, విమానాలు, చివర్లో జెండా. నేల కింద పనిచేసే మనుషులకు అందులో చోటు తక్కువ. అందుకే 2010లో ఆస్ట్రేలియాలో జెరెమీ సిమ్స్ తీసిన 'బినీత్ హిల్ 60' సినిమాను మేము పట్టిపట్టి చూశాం. అందులో యుద్ధం చేసేది గని కార్మికులు. వాళ్ల ఆయుధం పార. వాళ్ల శత్రువు కూడా మట్టికి అవతలి వైపున ఇలాగే చెమటోడుస్తూ తవ్వుతున్న జర్మన్ కార్మికుడే. బొగ్గు బాయిల మధ్య పెరిగిన మాబోటి వాళ్లకు ఆ సినిమాలో కొన్ని దృశ్యాలు కొత్తగా అనిపించవు. దుంగలు పెట్టి నిలబెట్టిన కప్పు, దాని నుంచి రాలే మట్టి, చప్పుడు వినబడగానే అందరూ ఊపిరి బిగబట్టడం. మా ఇండ్లల్లో తట్టా చెమ్మస్ పని చేసిన పెద్దలు ఈ చప్పుళ్ల గురించి చెప్పగా విన్నవాళ్లమే.

కథ క్లుప్తంగా చెప్పుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర ఒక చిన్న గుట్ట ఉంది. సముద్ర మట్టానికి అరవై మీటర్ల ఎత్తు కాబట్టి దాని పేరు హిల్ 60. నిజానికి అది గుట్ట కూడా కాదు, రైలు దారి కోసం తవ్వి పోసిన మట్టి కుప్ప. అంటే కూలోళ్లు పోసిన కుప్ప కోసమే సామ్రాజ్యాలు కొట్టుకున్నాయన్న మాట. దాని కింద సొరంగాలు తవ్వి, మందుపాతరలు పెట్టి, 1917 జూన్ 7 తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు పేల్చారు. మెసిన్ గట్టు పొడవునా ఆ ఉదయం పేలిన పాతరలు 19. హిల్ 60 కింద ఉన్న రెండు పాతరలను పేల్చింది ఒకటో ఆస్ట్రేలియన్ టన్నెలింగ్ కంపెనీ, దాని అధికారి కెప్టెన్ ఆలివర్ వుడ్‌వర్డ్. సినిమా ఆయన కథే. పేల్చాల్సిన నిమిషానికి తమ కుర్రాడొకడు సొరంగంలో ఇరుక్కుపోయి ఉంటాడు. గడియారం ఆగదు. వుడ్‌వర్డ్ మీట నొక్కుతాడు.

సినిమా నిజాయితీగానే తీశారు. జర్మన్లను రాక్షసులుగా చూపలేదు. కాకపోతే రెండు సంగతులు గమనించాలి. ఒకటి, కార్మికుల కథ అయినా చెప్పిన కన్ను మాత్రం గని ఇంజనీరుది, అంటే మేనేజరుది. రెండోది, హిల్ 60 కింది ఆ పాతరలను తవ్వి మందు నింపింది ఆస్ట్రేలియన్లు కాదు. ఆ పని మొదలుపెట్టింది బ్రిటిష్ కంపెనీ, పూర్తి చేసింది మూడో కెనడియన్ టన్నెలింగ్ కంపెనీ. ఆస్ట్రేలియన్లు 1916 నవంబరులో వచ్చి, ఏడు నెలలు ఆ పాతరలను నీటి నుంచీ జర్మన్ల నుంచీ కాపాడి, చివరికి పేల్చారు. ఆ కాపలా చిన్న పని కాదు. కానీ తవ్వినవాడొకడు, తెరమీద పేరొచ్చినవాడొకడు అయ్యే రివాజు తెల్లవాళ్లలో వాళ్లకు కూడా ఉందని తెలుసుకుంటే చాలు.

మా అసలు ప్రశ్న వేరే. ఈ టన్నెలింగ్ కంపెనీలు ఎందుకు పుట్టాయి? సినిమా 1916లో మొదలవుతుంది కాబట్టి ఆ సంగతి అందులో రాదు. దానికి ఫ్రాన్సులో 1914 డిసెంబరుకు పోవాలి. అక్కడ మనవాళ్లున్నారు.

యుద్ధం మొదలైన రెండు నెలల్లోనే లాహోర్, మీరట్ డివిజన్లు మార్సేల్ రేవులో దిగాయి. చలి బట్టలు సరిగా లేవు, ఫిరంగులు చాలవు. ఆ స్థితిలోనే వాళ్లను ఫెస్టుబెర్, జివాన్షి ఊళ్ల దగ్గర కందకాల్లో నిలబెట్టారు. 1914 డిసెంబరు 20న జర్మన్లు ఆ కందకాల కింద పది చిన్న మందుపాతరలు పేల్చారు. ఒక్కోదాంట్లో యాభై కిలోల మందు. పైనున్నది సిర్‌హింద్ బ్రిగేడ్. అందులో గూర్ఖాలున్నారు, స్కాట్లాండ్ సిపాయిలున్నారు. కాళ్ల కింది నేలే పేలిపోతే ఏ సైనికుడైనా ఏం చేస్తాడు? లైను చెదిరిపోయింది. బ్రిటిష్ సైన్యానికి అప్పుడు తెలిసొచ్చింది, భూమి కింద యుద్ధానికి తమ దగ్గర మనుషుల్లేరని.

అప్పుడు ముందుకొచ్చినవాడు జాన్ నార్టన్-గ్రిఫిత్స్. పార్లమెంటు సభ్యుడు, పెద్ద కాంట్రాక్టరు. మాంచెస్టర్ నగరంలో ఆయన కంపెనీ మురుగు కాలువల సొరంగాలు తవ్విస్తోంది. 1915 ఫిబ్రవరిలో యుద్ధ మంత్రి కిచెనర్ ముందు, పొయ్యి దగ్గరున్న బొగ్గు పార తీసుకుని నేలమీద పడుకుని, తన కూలీలు ఎలా తవ్వుతారో చేసి చూపించాడు. దాన్ని 'క్లే కికింగ్' అంటారు. ఏటవాలుగా నిలిపిన చెక్క ఆసరా మీద వెనక్కి వాలి, రెండు కాళ్లతో పారను బంకమట్టిలోకి తన్నాలి. పక్కవాడు ఆ మట్టి పెళ్లను చేత్తో అందుకుని సంచిలో వేయాలి. ఇంకొకడు దాన్ని చిన్న బండి మీద వెనక్కి తోయాలి. గునపం దెబ్బ లేదు, చప్పుడు లేదు. ఫ్లాండర్స్ నేల కింద ఉన్న నీలపు బంకమట్టికి ఇది అచ్చంగా సరిపోయింది. కొద్ది రోజుల్లోనే మాంచెస్టర్ మురుగు సొరంగాల నుంచి 18 మంది కూలీలు ఒంటిమీద యూనిఫాంతో ఫ్రాన్సులో ఉన్నారు. కవాతు నేర్పలేదు, తుపాకీ శిక్షణ లేదు. వాళ్లతో మొదలైన 170వ టన్నెలింగ్ కంపెనీ మొట్టమొదట దిగింది ఎక్కడో కాదు, ఆ జివాన్షి దగ్గరే. బ్రిటన్‌లో వచ్చిన 'ది వార్ బిలో' అనే మరో సినిమా ఈ నార్టన్-గ్రిఫిత్స్ మనుషుల మీదే తీశారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మురుగు కాలువ తవ్వే మనిషి. ఆ పని చేస్తున్నాడు కాబట్టే అతన్ని పిలిచారు. పిలిచి ఎంత ఇచ్చారు? మామూలు బ్రిటిష్ సిపాయికి రోజుకు ఒక షిల్లింగు మూల వేతనం. క్లే కికర్‌కు రోజుకు ఆరు షిల్లింగులు. సహాయకులకు రెండు షిల్లింగుల రెండు పెన్నీలు. ఆరు షిల్లింగులు ఎవరికి, రెండు ఎవరికి అన్నదాని మీద గొడవలు జరిగాయి, మాట ఇచ్చి ఎగ్గొట్టిన సందర్భాలున్నాయి. బ్రిటిష్ పాలక వర్గం ధర్మాత్ములేం కాదు. అయినా ఒక సంగతి జరిగింది. 'ఇది నైపుణ్యం, దీనికి ధర ఉంది' అని సైన్యం కాగితం మీద ఒప్పుకోవాల్సి వచ్చింది.

అదే కాలంలో భారత సిపాయి నెల జీతం 11 రూపాయలు. ఆనాటి మారకంలో రూపాయికి 16 పెన్నీలు. లెక్క కట్టండి: ఆరు షిల్లింగులంటే 72 పెన్నీలు, నాలుగున్నర రూపాయలు. అంటే మన సిపాయి నెలంతా చేసి తెచ్చుకునే మూల జీతం క్లే కికర్‌కు రెండున్నర రోజుల కూలి. సిపాయికి విదేశంలో బత్తా వేరేగా ఉండేది నిజమే. దాన్ని కలిపినా ఈ అంతరం పూడదు.

'తెల్లవాడికీ నల్లవాడికీ తేడా ఉంటుంది, సామ్రాజ్యవాదం గదా, కొత్తేముంది?' అని వామపక్ష మిత్రులు అనవచ్చు. అంతటితో ఆపితే సగమే చెప్పినట్టు. ఎందుకంటే తవ్వే కూలీలను సైనికులుగా మార్చడమనే ఆలోచన బ్రిటిష్ సైన్యానికి 1915లో కొత్త కాదు. దాన్ని వాళ్లు 58 ఏళ్ల ముందే మన దేశంలో చేశారు. 1857లో పంజాబులోని మాధోపూర్ దగ్గర బారీ దోఆబ్ కాలువ పని నడుస్తోంది. ఆ కాలువ పనుల్లో మజ్హబీ సిక్కులు ఉన్నారు. మజ్హబీలంటే పాకీపని కులంగా ముద్రపడి సిక్కు మతంలోకి పోయినవాళ్లు. గురు గోవింద్ సింగ్ కాలం నుంచీ ఖల్సాలో ఉన్నా తోటి సిక్కుల పంక్తిలో సమానంగా కూర్చోనివ్వని వాళ్లు. ఢిల్లీ ముట్టడికి తవ్వేవాళ్లు కావాలి. కాలువ మీదున్న ఆ కూలీలనే పయొనీర్లుగా తీసుకుని ఢిల్లీకి నడిపించారు. ఆ దళాల నుంచే 23వ, 32వ సిక్కు పయొనీర్ల పటాలాలు వచ్చాయి. 1887లో 34వది వచ్చింది. మాంచెస్టర్ మురుగు సొరంగం నుంచి జివాన్షి దాకా నడిచిన దారీ, మాధోపూర్ కాలువ నుంచి ఢిల్లీ దాకా నడిచిన దారీ ఒకే మాదిరివి. కానీ మొదటిదాని మీద సినిమాలు, స్మారకాలు ఉన్నాయి. రెండోదాన్ని మన డిగ్రీ పాఠాల్లో మేము ఎక్కడా చదవలేదు.

ఇంకో సంగతి. ఈ 34వ సిక్కు పయొనీర్లు 1914లో లాహోర్ డివిజన్‌తో ఫ్రాన్సుకు పోయారు. నవంబరు 23న ఫెస్టుబెర్ దగ్గర జర్మన్లు కందకాల దాకా తవ్వుకుంటూ వచ్చి బాంబులతో విరుచుకుపడినప్పుడు ఆ కందకాల్లో ఉన్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. పేరుకు తవ్వే పటాలం, పనికి కాల్బలం. పొద్దున తవ్వాలి, రాత్రి పోరాడాలి. సినిమాలో ఆస్ట్రేలియన్ టన్నెలర్లను కాల్బలం వాళ్లు చిన్నచూపు చూసే దృశ్యాలున్నాయి. ఆ చిన్నచూపు కొద్ది నెలల్లో గౌరవంగా మారుతుంది. మజ్హబీల మీద ఉన్న చిన్నచూపు పతకాలొచ్చినా మారలేదు, ఎందుకంటే అది పని మీది చూపు కాదు, పుట్టుక మీది చూపు.

దక్షిణాదికి వద్దాం. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. 1881 నుంచి 1885 దాకా ఆ సైన్యానికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ దొర, తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతి అయ్యాడు. దక్షిణాది మనిషికి పౌరుషం లేదని ఆయన నమ్మకం. 'యోధ జాతులు' అనే సిద్ధాంతం ఆయన చేతుల్లో సైనిక విధానమైంది. తెలుగు, తమిళ కాల్బల పటాలాలు ఒక్కొక్కటిగా పోయాయి. బొంబాయి వైపు మహర్లను 1892-93 ప్రాంతంలో చేర్చుకోవడం మానేశారు. దాని మీద 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ విజ్ఞప్తి పత్రం తయారుచేశారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక బడిలో పంతులు. ఆ తరం దాటాక మహర్ పిల్లలకు ఆ తలుపు మూసేశారు.

అయితే మద్రాసు వైపు ఒక తలుపు తెరిచే ఉంచారు. అది సాపర్స్ అండ్ మైనర్స్. బెంగుళూరు కేంద్రంగా ఉన్న ఈ దళంలో పరైయర్లు, దళిత క్రైస్తవులు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. ఇదెలా సాధ్యమైంది? పరైయరు పోరాడలేడని కాల్బలం నుంచి తీసేసిన సైన్యమే, అతను వంతెన కట్టగలడు, కోట గోడ కింద తవ్వగలడు, గుండ్ల వానలో మందుపాతర పెట్టగలడు అని ఒప్పుకుంది! మా అంచనా ఇది: మట్టి పని కాబట్టి తలుపు తెరిచి ఉంచారు. కుల సమాజం అంటగట్టిన పనినే సైన్యం కూడా అంటగట్టింది. ఇక్కడ ఇంగ్లీషు దొర, ఊరి దొర ఒకే మాట మీద ఉన్నారు.

సాపర్స్ అండ్ మైనర్స్ పేరులోనే 'మైనర్స్' ఉంది. అయినా పడమటి యుద్ధరంగంలో బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ టన్నెలింగ్ కంపెనీలున్నాయి, భారత టన్నెలింగ్ కంపెనీ ఒక్కటీ లేదు. భారత కాల్బలాన్ని 1915 చివర్లో అక్కణ్ణుంచి మెసపొటేమియాకు తరలించారు, అది ఒక కారణం. ఆస్ట్రేలియా సంగతి చెప్పాలంటే 1909 నాటి రక్షణ చట్టం, ప్రధానంగా యూరోపియన్ పుట్టుక కానివాళ్లను సైనిక సేవకు పక్కన పెట్టింది. 1917లో గాని కొంచెం సడలించలేదు. తెరమీద అన్నీ తెల్ల ముఖాలే కనబడడం దర్శకుడి పొరపాటు కాదు, ఆ చట్టం ఆడిన నాటకం.

మరి గని పని తెలిసినవాళ్లు మన దగ్గర లేరా? కోలార్ బంగారు గనులను చూడండి. 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ తవ్విస్తోంది. భూమి లోపలికి దిగినవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన పరైయర్లు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు కూడా గనుల్లో ఉన్నారు. వేల అడుగుల లోతు, రాయి తనంతట తాను పగిలి మీదపడే 'రాక్ బర్స్ట్' ప్రమాదాలు. పైన అజమాయిషీకి ఇంగ్లండ్ కార్న్‌వాల్ ప్రాంతం నుంచి తెచ్చిన మైనర్లు, ఇటాలియన్లు. ఇప్పుడీ కార్న్‌వాల్ మైనర్లనే గమనించండి. 1915లో 251వ టన్నెలింగ్ కంపెనీని కార్న్‌వాల్ తగరపు గనుల వాళ్లతోనే నిలబెట్టారు. ఒకే ఊరి మనిషి కోలారులో ఉంటే మేస్త్రీ, ఫ్రాన్సులో ఉంటే టన్నెలర్. అతని కింద కోలారులో రాయి కొట్టిన మన మనిషి మాత్రం రెండు చోట్లా కూలీయే. కంపెనీ ఆ కూలీని నమ్మిన తీరు ఎట్లాంటిదంటే, 1930లో వేలిముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలని హుకుం జారీ చేసింది. 'మేం దొంగలమా?' అన్న కోపంతో కార్మికులు మూడు వారాలు గనులను బందు పెట్టారు. ఆ గనుల్లోనే, మారికుప్పంలో, అయోతీ దాసు ప్రేరణతో పరైయర్ కార్మికులు బౌద్ధ సంఘం పెట్టుకున్నారు. పార పట్టిన చేతులు పత్రికలు, పుస్తకాలు కూడా పట్టాయి. సినిమాకు పనికొచ్చే కథలు లేక కాదు గదా!

ఒక అభ్యంతరం వస్తుంది, మా మిత్రుల్లోనే వచ్చింది. అది సామ్రాజ్యాల దొమ్మీ. పాతరలు పెట్టి వేలమందిని చంపిన దాంట్లో మనకెందుకు వాటా? మేము వాటా అడగడం లేదు. 1927 జనవరి 1న అంబేడ్కర్ కోరేగావ్ స్తంభం దగ్గరికి పోయింది కంపెనీ సర్కారును పొగడడానికి కాదు. సైన్యమంటే మన తాతలకు నెల జీతం, పింఛను, పిల్లలకు బడి, ఊరికి తిరిగొస్తే తలెత్తి నడిచే వీలు. దాన్ని ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు లాక్కున్నారు అన్నదే మాకు చరిత్ర. అవసరం పడితే 1917లో 111వ మహర్ పటాలం కట్టారు, అవసరం తీరాక 1921లో రద్దు చేశారు. పయొనీర్ల పటాలాలన్నిటినీ 1932-33లో రద్దు చేశారు. మళ్లీ యుద్ధం రాగానే 1941లో మహర్ రెజిమెంటు, మజ్హబీ-రాందాసియా సిక్కు రెజిమెంటు. పార అవసరమైనప్పుడు పిలుపు, కాలువ పూర్తయ్యాక బర్తరఫు. మన పల్లెల్లో చెరువు పూడిక పనికి పిలిచే తీరు కూడా ఇంతే.

జివాన్షిలో 2010 జూన్ 19న టన్నెలర్ల స్మారకం ఒకటి ఆవిష్కరించారు. అది విలియం హ్యాకెట్ చనిపోయిన చోటు. గని కార్మికుడు, చదవడం రాయడం రాదు, ఇంటికి ఉత్తరాలు తోటివాడితో రాయించుకునేవాడు. వయసు మీరిందని కాల్బలం మూడుసార్లు వెనక్కి పంపింది. 1916 జూన్ 22న జర్మన్ పాతర పేలి సొరంగం మూసుకుపోయింది. బయటికి కంత చేశారు. గాయపడిన కుర్రాడు కదల్లేడు. హ్యాకెట్ అతన్ని వదిలి రానన్నాడు. సొరంగం కూలింది. ఇద్దరూ ఇప్పటికీ ఆ మట్టి కిందే ఉన్నారు. టన్నెలర్లలో విక్టోరియా క్రాస్ వచ్చింది ఆయనొక్కడికే. అక్షరం రాని మనిషి పేరు రాతిమీద ఉండడం మాకు సంతోషం. చదువు మొదటిసారి మాతోనే మొదలైన ఇండ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ ఉత్తరాల సంగతి మాకు తెలుసు.

అక్కడికి కొద్ది దూరంలో న్యూవ్ షపెల్‌లో భారత సైనికుల స్మారకం ఉంది. 1927లో కట్టారు. గుండ్రటి గోడమీద 4,700 దాకా పేర్లున్నాయి. పటాలం చూస్తే, పేరు చూస్తే 34వ సిక్కు పయొనీర్లెవరో ఎంచవచ్చు. కానీ ఎంచి చూసినవాళ్లు తక్కువ. 2021 ఏప్రిల్‌లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన మీద తానే వేయించుకున్న విచారణలో, కనీసం 1,16,000 మంది ఆఫ్రికన్, భారతీయ, ఈజిప్షియన్ మృతుల పేర్లు ఎక్కడా రాయలేదని, ఆ లెక్క మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని ఒప్పుకుంది. ఎక్కువమంది బరువులు మోసినవాళ్లు, తవ్వినవాళ్లు.

మరొక సమాధి గురించి చెప్పాలి. సుఖా అనే పేరుగల స్వీపర్ ఆ సైన్యంతో పాటు పోయాడు. పటాలం వెంట ఉండే ఊడ్చేవాళ్లను, నీళ్లు మోసేవాళ్లను 'ఫాలోయర్లు' అనేవాళ్లు, సైనికుల కింద లెక్క కాదు. 1915 జనవరి 12న ఇంగ్లండ్‌లోని బ్రోకెన్‌హర్స్ట్ ఊళ్లో, భారత సైనికుల ఆసుపత్రులున్న చోట ఆయన చనిపోయాడు. అంటరానివాడని హిందువుల దహనవాటికలో ఒప్పుకోలేదట. ముస్లిం కాదని వోకింగ్‌లో ఒప్పుకోలేదట. ఆ ఊరి కథనం అది. చివరికి అక్కడి చర్చి పాదిరి తమ సమాధుల తోటలో చోటిచ్చాడు. ఊరివాళ్లు చందాలేసుకుని రాయి పెట్టించారు. ఫ్రాన్సులో పాతరలు పేలి సరిగ్గా ఇరవై మూడు రోజులు. యుద్ధం మధ్యలో, వేల మైళ్ల అవతల, శవానికి ఆరడుగుల నేల కోసం కులం అడ్డం తిరిగింది.

సినిమాల మీద మాకు పేచీ లేదు. ఆస్ట్రేలియన్లు తమ తాతల కథ తీసుకున్నారు, వుడ్‌వర్డ్ రాతలు దానికి ఆధారం. మన తాతలు రాసుకోలేదు. కానీ డిశ్చార్జి కాగితాలు, పింఛను పుస్తకాలు, అటక మీద పడేసిన పతకాలు ఉంటాయి. చిత్తూరు, కుప్పం, కోలారు, బెంగుళూరు కంటోన్మెంటు వైపు నుంచి వచ్చే విద్యార్థులు ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. సాపర్లలో ఎవరు పనిచేశారు, ఏ దేశం పోయొచ్చారు, ఎంత పింఛనొచ్చేది, ఆ డబ్బుతో మొదట బడికి పోయింది ఎవరు? పతకం అంచు మీద నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. దాన్ని కాపీ చేసి ఉంచండి. అమ్మేయకండి.